బియ్యం మీద పన్ను తీసేయమనే పిటిషన్: సంతకం పెట్టాలా?

ప్రశ్న: మేం చాలా ఏళ్లు టెక్సాస్‌లో, ఫ్రిస్కోలో ఉండి, మావారి ఉద్యోగం మారడంతో ఈమధ్యే టెన్నెస్సీలోని ఫ్రాంక్లిన్‌కి వచ్చాం. ఇక్కడ ఇండియన్ స్టోర్‌లో సోనా మసూరి బస్తా, కందిపప్పు, కూరగాయలు కొంటే బిల్లులో టాక్స్ పడింది. ఫ్రిస్కోలో వీటికి ఎప్పుడూ పడలేదు. పైగా ఒకే బిల్లులో రెండు రేట్లు. మోసమేమోనని అడిగితే షాపాయన "ఇక్కడ అంతే మేడమ్" అన్నాడు. మా ఆఫీసులో ఒకావిడ సరుకుల మీద పన్ను ఎత్తేయాలని పిటిషన్ తిప్పుతోంది. సంతకం పెట్టమంటోంది, ఆ మాట ఎత్తుకున్న ఒక అభ్యర్థికి కొంత డబ్బు కూడా ఇమ్మంటోంది. మావారేమో "ఈ రాష్ట్రంలో ఇన్‌కమ్ టాక్స్ లేదు, ఎక్కడో ఒకచోట వసూలు చేసుకోవాలిగా, మనకెందుకు" అంటారు. ఊరి నుంచి వచ్చిన మా అత్తగారు "తినే బియ్యం మీద పన్నేమిటే" అని రోజూ అడుగుతున్నారు. ఎవరి మాట నిజం? నేను ఏం చేయాలి? మేం ఇంకా హెచ్-1బీ వర్క్ వీసా మీదే ఉన్నాం.
— ఒక పాఠకురాలు, ఫ్రాంక్లిన్, టెన్నెస్సీ

సమాధానం: షాపాయన మోసం చేయలేదండీ. ముందు ఆ అనుమానం తీసేసుకోండి. అమెరికాలో సేల్స్ టాక్స్ కేంద్రం వేసేది కాదు. ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం, దాని మీద కౌంటీలు, ఊళ్లు వేసుకుంటాయి. టెక్సాస్ వంట సరుకులను ఆ పన్ను నుంచి పూర్తిగా మినహాయించింది. టెన్నెస్సీ మినహాయించలేదు, రేటు మాత్రం కొంచెం తగ్గించింది. మామూలు వస్తువుల మీద రాష్ట్రం పన్ను 7 శాతం అయితే, తినే సరుకుల మీద 4 శాతం. దీనికి మీ ఊళ్లో స్థానిక పన్ను 2.75 శాతం కలుస్తుంది. అంటే బియ్యం, పప్పు, పాలు, కూరగాయల మీద 6.75 శాతం. మిగతా వాటి మీద 9.75. మీ బిల్లులో కనిపించిన రెండు రేట్లు ఇవే.

ఇక్కడ కాస్త ఆగి బిల్లు చదవడం నేర్చుకోండి, ఎందుకంటే మన షాపుల్లో సామాను కలగలుపుగా ఉంటుంది. అగరుబత్తీలు, కర్పూరం, దీపారాధన నూనె, స్టీలు గిన్నెలు తినేవి కావు, కాబట్టి పూర్తి రేటు. కౌంటర్ దగ్గర వేడివేడిగా ఇచ్చే సమోసా, మిర్చి బజ్జీ వండిన ఆహారం కిందికి వస్తాయి, పూర్తి రేటు. అదే సమోసా ఫ్రీజర్‌లోంచి ప్యాకెట్ తీసుకుంటే సరుకు, తక్కువ రేటు. డబ్బా మీద సప్లిమెంట్ ఫ్యాక్ట్స్ అని పట్టిక ఉన్న మందుల్లాంటి పొడులు, గోళీలు ఆహారం కాదు, పూర్తి రేటు.

అన్నిటికంటే తమాషా క్యాండీది. టెన్నెస్సీతో సహా ఇరవైకి పైగా రాష్ట్రాలు ఈ నిర్వచనాలను ఒక ఉమ్మడి ఒప్పందం ప్రకారం రాసుకున్నాయి. దాని ప్రకారం పంచదారో, తేనో, మరో తీపి పదార్థమో వేసి, గింజలో చాక్లెట్టో కలిపి, ముక్కలుగానో బిళ్లలుగానో చేసినది క్యాండీ. కానీ అందులో పిండి ఉంటే క్యాండీ కాదు! అందుకని మామూలు చాక్లెట్ బార్‌కి పూర్తి పన్ను, లోపల బిస్కెట్ ఉన్న కిట్‌క్యాట్‌కి తక్కువ పన్ను. ఈ లెక్కన మన పల్లీ చిక్కీ క్యాండీయే అవుతుంది. చట్టం రాసినవాళ్లు చిక్కీని ఎప్పుడూ చూసి ఉండరు గానీ, నిర్వచనం దానికి అచ్చంగా సరిపోతుంది.

మీరు చూడాల్సింది ఒక్కటే. బియ్యం, పప్పు, నెయ్యి లాంటివాటికి పొరపాటున 9.75 వేస్తున్నారేమో చూడండి. చిన్న షాపుల్లో కంప్యూటర్‌లో కొత్త సరుకు ఎక్కించేటప్పుడు ఇలా జరగడం వింతేమీ కాదు. కనిపిస్తే బిల్లు చూపించి షాపులోనే తేడా వెనక్కి అడగండి. కొన్నవాళ్లు ముందు అడగాల్సింది అమ్మినవాళ్లనే.

మీ అత్తగారికి కూడా ఒక మాట చెప్పండి. బియ్యం మీద పన్ను అమెరికా వింత కాదు. మన దగ్గర ఎమ్మార్పీలోనే పన్ను కలిసి ఉంటుంది కాబట్టి కంటికి కనపడదు, అంతే. 2022 జూలై 18 నుంచి ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం, పప్పు, పిండి 25 కిలోల లోపు అయితే 5 శాతం జీఎస్టీ ఉంది. ఆ పరిమితి దాటితే పన్ను లేదు. అందుకే బజార్లో 26 కిలోల బియ్యం బస్తాలు పుట్టుకొచ్చాయి. ఆవిడ ఊళ్లో కొన్న బస్తా మీద ఎంత బరువు రాసి ఉందో అడిగి చూడండి.

ఇప్పుడు మీవారి మాట. ఆయన చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. టెన్నెస్సీ 1947లో సేల్స్ టాక్స్ మొదలుపెట్టి, క్రమంగా దాని మీదే ఆధారపడిపోయింది. జీతం మీద పన్ను వేయకూడదని 2014లో ఓటర్లు రాజ్యాంగంలోనే రాయించారు. వడ్డీ, డివిడెండ్ల మీద ఉన్న హాల్ టాక్స్ కూడా 2021 నుంచి లేదు. కాబట్టి ఖజానాకి సేల్స్ టాక్సే పెద్ద దిక్కు.

కానీ "ఇన్‌కమ్ టాక్స్ లేదు కాబట్టి బియ్యం మీద వేయక తప్పదు" అనేది నిలబడదు. జీతం మీద రాష్ట్ర పన్ను లేని రాష్ట్రాలు తొమ్మిది ఉన్నాయి. వాటిలో న్యూ హాంప్‌షైర్, అలాస్కాలకు రాష్ట్ర సేల్స్ టాక్సే లేదు. టెక్సాస్, ఫ్లోరిడా, వాషింగ్టన్, నెవాడా, వయోమింగ్ సేల్స్ టాక్స్ వేస్తూనే వంట సరుకులను వదిలేశాయి. మిగిలిన రెండు, టెన్నెస్సీ, సౌత్ డకోటా, మాత్రమే తిండి మీద కూడా రాష్ట్ర పన్ను వేస్తున్నాయి. అంటే ఇది తప్పనిసరి కాదు, ఎంచుకున్న దారి. మీరు మొన్నటిదాకా ఉన్న టెక్సాస్‌లో ఆ లోటు ఎక్కడ పూడుతుందో మీకే తెలుసు. అక్కడ సొంతిల్లు ఉండి ఉంటే ప్రాపర్టీ టాక్స్ బిల్లు ఎంత వచ్చేదో గుర్తు చేసుకోండి. టెన్నెస్సీలో ఇంటి మార్కెట్ విలువలో నాలుగో వంతు మీదే పన్ను లెక్క కడతారు, టెక్సాస్‌తో పోలిస్తే ఇక్కడ ఇంటి పన్ను చాలా తక్కువ. ఫ్రిస్కోతో పోలిస్తే ఫ్రాంక్లిన్‌లో సొంతిల్లున్న తెలుగు కుటుంబానికి మొత్తం మీద లాభమే ఉండొచ్చు. ఇల్లు లేకుండా అద్దెకుండే విద్యార్థికి, గ్యాస్ స్టేషన్‌లో పనిచేసే కుర్రాడికి ఆ లాభం నేరుగా అందదు, బియ్యం మీద పన్ను మాత్రం పూర్తిగా పడుతుంది.

అసలు వాదన ఇక్కడుంది. నెలకి 700 డాలర్ల సరుకులు కొనే ఇంటికి 6.75 శాతం అంటే 47 డాలర్ల పైన, ఏడాదికి 567. రెండు జీతాలొచ్చే ఇంట్లో అది ఒక రోజు షాపింగ్. ఒక్క జీతం మీద నలుగురు బతికే ఇంట్లో అది ఒక నెల కరెంటు, ఫోన్ బిల్లులు కలిపినంత. సంపాదన పెరిగినంతగా తిండి ఖర్చు పెరగదు. అందువల్ల తక్కువ సంపాదన ఉన్నవాడి ఆదాయంలోంచి ఈ పన్ను ఎక్కువ భాగం తినేస్తుంది.

దీనికి ఎదుటివాళ్లు ఒక జవాబు చెబుతారు. బీదవాళ్లకి తిండి సరుకులు కొనుక్కోవడానికి ప్రభుత్వమిచ్చే స్నాప్ కార్డు ఉంది, ఆ కార్డుతో కొన్న సరుకుల మీద సేల్స్ టాక్స్ వేయకూడదని ఫెడరల్ చట్టమే ఉంది, కాబట్టి మినహాయింపు ఇస్తే లాభపడేది ఉన్నవాళ్లే అని. మొదటి భాగం నిజం. కానీ స్నాప్ పరిమితికి కొంచెం పైన ఉండేవాళ్లు, అర్హత ఉన్నా అప్లై చేయనివాళ్లు, వీసాల మీద ఉండి అసలు అర్హతే లేనివాళ్లు ఆ లెక్కలోకి రారు. డబ్బున్నవాళ్లు ఖరీదైన చీజ్ కొంటారు కాబట్టి డాలర్లలో వాళ్లకీ ఎక్కువే మిగులుతుంది, అది ఒప్పుకోవాల్సిందే. దాన్ని తప్పించడానికి ఐడహో మరో దారి పట్టింది. సరుకుల మీద 6 శాతం పూర్తిగా వసూలు చేసి, ఇన్‌కమ్ టాక్స్ రిటర్న్‌లో మనిషికి ఇంత అని వెనక్కిస్తుంది. ఇప్పుడది ఏడాదికి 155 డాలర్లు. కాగితం మీద ఇది తెలివైన పద్ధతే. కానీ టెన్నెస్సీలో ఇన్‌కమ్ టాక్స్ రిటర్నే లేదు, ఏ ఫారంలో వెనక్కిస్తారు? కాబట్టి ఇక్కడ ఊరట అంటే బిల్లు దగ్గరే ఇవ్వాలి. నా ఓటు మినహాయింపుకే. అంటే, నాకు ఇక్కడ ఓటుంటే.

అయితే ఆఫీసావిడ పిటిషన్ మీద సంతకం పెట్టేముందు అందులో ఏం రాశారో చదవండి. "కిరాణా పన్ను రద్దు" అనే మూడు మాటల వెనక చాలా తేడాలుంటాయి.

అన్నిటికంటే పెద్ద తేడా స్థానిక పన్నుది. రాష్ట్రం తన 4 శాతం వదులుకున్నా, ఊరు, కౌంటీ తమ 2.75 వదులుకోకపోతే మీ బిల్లులో టాక్స్ లైను అలాగే ఉంటుంది. ఇలా చాలాచోట్ల జరిగింది. కాన్సస్‌లో సరుకుల మీద 6.5 శాతం రాష్ట్ర పన్ను ఉండేది. 2023 జనవరిలో 4కి, 2024లో 2కి దించి, 2025 జనవరి 1 నుంచి సున్నా చేశారు. స్థానిక పన్ను మాత్రం అలాగే ఉంది. సున్నా అయిందని విని ఓవర్‌ల్యాండ్ పార్క్‌లో షాపుకెళ్లినవాళ్లకి బిల్లులో ఇంకా పన్ను కనిపిస్తుంది, అది ఇదే. ఓక్లహోమా 2024 ఆగస్టు చివర్లో తన 4.5 శాతం తీసేసింది, ఊళ్ల పన్ను మిగిలింది. వర్జీనియా 2023లో రాష్ట్రం వాటా తీసేసినా స్థానికంగా 1 శాతం ఉంది. నార్త్ కరోలినాలో 2 శాతం. జార్జియా రాష్ట్ర పన్ను ఎప్పుడో పోయింది, కౌంటీ పన్ను నేటికీ పడుతుంది. అట్లాంటా చుట్టుపక్కల ఉన్న మీ బంధువులను అడగండి, బిల్లు తీసి చూపిస్తారు.

ఇలినాయ్‌ది ఇంకా విచిత్రం. అక్కడ ఉన్నదే 1 శాతం, అదీ రాష్ట్రం వసూలు చేసి ఊళ్లకే పంచేది. 2026 జనవరి 1 నుంచి రాష్ట్రం దాన్ని రద్దు చేస్తూ, కావాలంటే ఊళ్లే తలా 1 శాతం వేసుకోవచ్చని చట్టంలో రాసింది. వందల ఊళ్లు వెంటనే తీర్మానం చేసి వేసేసుకున్నాయి. మంచి పేరు రాష్ట్రానికి, చెడ్డ పేరు ఊరికి, ఆ ఊళ్లలో జనం బిల్లులో తేడా ఏమీ లేదు.

ఊళ్లని తిట్టడం సులువే గానీ, వాళ్ల బాధ కూడా చూడాలి. ఆర్థిక మాంద్యం వచ్చినా జనం బియ్యం, పాలు మానరు. కార్లు, సోఫాలు మానేస్తారు. అందుకే సరుకుల మీద వచ్చే పన్ను ఊళ్లకి నమ్మకమైన రాబడి. ఇంకొకటి, టెన్నెస్సీలో స్థానిక సేల్స్ టాక్స్‌లో సగం బడులకి వెళ్లాలని చట్టం. మీరు ఫ్రాంక్లిన్‌లో ఇల్లు వెతుక్కున్నది స్కూళ్లు చూసుకునే అయి ఉంటుంది కదా? ఆ స్కూళ్లకి మీ కందిపప్పు నుంచి కూడా కొంత చేరుతోంది. కాబట్టి పిటిషన్‌లో "స్థానిక పన్ను కూడా తీసేయాలి" అని ఉంటే, ఆ లోటు రాష్ట్రం పూడుస్తుందా లేదా అన్నది కూడా అందులో ఉండాలి. లేకపోతే రెండేళ్ల తర్వాత అదే మనుషులు స్కూల్ బడ్జెట్ కోతల మీద మరో పిటిషన్ తిప్పుతారు.

మాటల్లో తేడా ఎంత పని చేస్తుందో చెప్పడానికి సౌత్ డకోటా ఉంది. 2024 నవంబరులో అక్కడ సరుకుల మీద రాష్ట్ర పన్ను తీసేయాలా అని నేరుగా జనం ఓటుకే పెట్టారు. ఎవరు వద్దంటారు అనుకుంటాం. దాదాపు 70 శాతం మంది వద్దన్నారు! ఆ ప్రతిపాదనలో సరుకులు అని కాకుండా మనుషుల వాడకానికి అమ్మే ఏ వస్తువైనా అన్నట్టు రాశారు. దాంతో పొగాకు దగ్గర నుంచి టాయిలెట్ పేపర్ దాకా అన్నీ అందులోకి వస్తాయని, ఖజానాకి పెద్ద గండి పడుతుందని వ్యతిరేకులు ప్రచారం చేశారు. ఊళ్ల రాబడి పోతుందన్న భయం దానికి తోడైంది. పన్ను మీద ప్రేమతో కాదు, ప్రతిపాదన రాసిన తీరు మీద అనుమానంతో ఓడిపోయింది.

టెన్నెస్సీ ప్రభుత్వం ఈ విషయంలో ఇటీవలి ఏళ్లలో చేసింది పన్ను సెలవులే. 2022లో ఆగస్టు నెలంతా, 2023లో ఆగస్టు నుంచి అక్టోబరు దాకా మూడు నెలలు సరుకుల మీద పన్ను వసూలు చేయలేదు. నాకు ఈ సెలవుల మీద పెద్ద గౌరవం లేదు. కారు ఉండి, గ్యారేజీలో చోటు ఉన్నవాళ్లు ఆరు నెలల బియ్యం కొని పెట్టుకుంటారు. వారం కూలి వారం తినేవాడు ఆ మూడు నెలలు లాభపడి మళ్లీ మొదటికి వస్తాడు. షాపులవాళ్లు కంప్యూటర్‌లో రేట్లు ఒకసారి మార్చి, మళ్లీ మార్చాలి. కాన్సస్ లాగా ఏడాదికి ఇంత అని దించుకుంటూ పోతే ఖజానాకీ సర్దుకునే టైమ్ ఉంటుంది, జనానికీ శాశ్వతంగా మేలు జరుగుతుంది. నిజానికి టెన్నెస్సీ కూడా అలాగే తగ్గిస్తూ వచ్చింది. 2017లో 5 నుంచి 4కి దించాక ఆగిపోయింది. ఆగిన చోటి నుంచి మళ్లీ కదలమని అడగడం పెద్ద కోరికేమీ కాదు. పక్కన అలబామా 2023లో 4 నుంచి 3కి, 2025 సెప్టెంబరులో 2కి దిగింది. మిసిసిపీ 2025 జూలైలో 7 నుంచి 5కి తగ్గించింది. ఇరుగుపొరుగు రాష్ట్రాలే దిగుతున్నాయి మరి.

ఇక సంతకం సంగతి. టెన్నెస్సీలో జనం సంతకాలు సేకరించి రాష్ట్ర చట్టాన్ని నేరుగా ఓటుకు పెట్టే పద్ధతి లేదు. సౌత్ డకోటాలో ఉంది, ఇక్కడ లేదు. కాబట్టి ఆ పిటిషన్‌కి చట్టపరమైన బలం ఉండదు, శాసనసభ్యులకి చూపించే విన్నపం మాత్రమే. అలాంటి విన్నపం మీద హెచ్-1బీ వాళ్లు సంతకం పెట్టడానికి అడ్డేమీ లేదు. అయితే పైన "నేను రిజిస్టర్డ్ ఓటరుని" అని ఎక్కడైనా రాసి ఉంటే మాత్రం కలం ముట్టుకోవద్దు. అదే టేబుల్ మీద ఓటరు నమోదు ఫారం కూడా పెట్టి, "ఇదీ నింపేయండి" అని ఎవరైనా అంటే అస్సలు నింపవద్దు. పౌరులు కానివాళ్లు ఓటరుగా నమోదు కావడం రేపు గ్రీన్ కార్డు దగ్గర పెద్ద చిక్కు తెస్తుంది. తెలియక చేశామంటే వినరు.

డబ్బు సంగతి ఇంకా ముఖ్యం. పౌరసత్వం గానీ గ్రీన్ కార్డు గానీ లేనివాళ్లు అమెరికాలో ఏ ఎన్నికలకైనా, అది కౌంటీ ఎన్నికైనా సరే, అభ్యర్థులకి చందా ఇవ్వకూడదు. పది డాలర్లైనా నిషేధమే. మీ ఆఫీసావిడకి ఈ సంగతి తెలియకపోవచ్చు, చాలామంది అమెరికన్లకి తెలియదు. "వీసా మీద ఉన్నాం, చట్టం ఒప్పుకోదు" అని చెప్పండి, ఏమీ అనుకోరు. మీ బదులు వేరేవాళ్ల పేరు మీద ఇప్పించడం కూడా నేరమే.

వీటన్నిటికంటే మీరు రాసే ఒక ఉత్తరం ఎక్కువ పనిచేస్తుంది. ఓటు లేకపోయినా మీరు ఆ నియోజకవర్గంలో ఉంటున్నారు, పన్ను కడుతున్నారు. మీ శాసనసభ్యుడికి రాసే హక్కు మీకుంది. రాష్ట్ర రాజధాని నాష్‌విల్‌లో శాసనసభ జనవరిలో మొదలై వసంతానికల్లా ముగిసిపోతుంది, కాబట్టి డిసెంబరులోనో జనవరి మొదట్లోనో రాయండి. తయారుగా ఉన్న ఫారం ఉత్తరం వద్దు. సొంతంగా పది వాక్యాలు చాలు. ఇంట్లో ఎంతమంది, నెలకి సరుకులు ఎంత, అందులో పన్ను ఎంత పడుతోందో మీ బిల్లుల్లోంచి తీసి రాయండి. ఒకేసారి కుదరకపోతే ఏటా 1 శాతం చొప్పున తగ్గించమనండి. బడులకి వెళ్లే స్థానిక వాటాకి నష్టం రాకుండా చూడమనండి. సరుకు అంటే ఏమిటో ఇప్పుడున్న చట్టంలోని నిర్వచనాన్నే వాడమనండి, సౌత్ డకోటా గొడవ ఇక్కడికి రాకుండా. ఇలా లెక్కతో రాసిన ఉత్తరాన్ని ఆఫీసులో ఎవరో ఒకరు చదివి పక్కన పెట్టుకుంటారు.

మీవారికి ఒక చిన్న పని అప్పగించండి. ఫెడరల్ రిటర్న్‌లో ఐటమైజ్ చేసేవాళ్లు, అంటే తగ్గింపులను ఒక్కొక్కటిగా చూపించుకునేవాళ్లు, రాష్ట్ర ఇన్‌కమ్ టాక్స్ బదులు కట్టిన సేల్స్ టాక్స్ చూపించుకోవచ్చు. కేంద్ర పన్నుల శాఖ ఐఆర్ఎస్ వాళ్ల పట్టికలు ఉన్నాయి, ప్రతి బిల్లూ దాచక్కర్లేదు. ఇంటి లోను వడ్డీ పెద్దగా లేకపోతే లెక్కలు చూపకుండానే అందరికీ ఇచ్చే స్టాండర్డ్ డిడక్షనే లాభం, అప్పుడు దీనితో పని లేదు. ఇల్లు కొన్న ఏడాది మాత్రం ఒకసారి లెక్క వేయమనండి.

మీరు అడగలేదు గానీ, ఎవరో ఒకరు చెప్పే ఉంటారు: కెంటకీలో సరుకుల మీద పన్ను లేదు, సరిహద్దు దాటి తెచ్చుకోవచ్చని. అక్కడ లేనిది నిజమే. ఐ-65 మీద నాష్‌విల్ దాటి ఉత్తరానికి వెళ్తే కెంటకీలో అడుగుపెట్టగానే వచ్చే ఊరి పేరు కూడా ఫ్రాంక్లినే. పోనూ రానూ వంద మైళ్లు దాటుతుంది. 300 డాలర్ల సరుకుల మీద మిగిలేది 20 డాలర్లు. పెట్రోలుకి చాలామటుకు పోతుంది. పైగా బయట రాష్ట్రంలో పన్ను లేకుండా కొని ఇక్కడ వాడుకుంటే యూజ్ టాక్స్ కట్టాలని టెన్నెస్సీ చట్టంలో ఉంది. బౌలింగ్ గ్రీన్ వైపు గుహలు చూడటానికి ఎలాగూ వెళ్తే, వచ్చేటప్పుడు పాలు, కూరగాయలు కొనుక్కోండి. పని గట్టుకుని మాత్రం వెళ్లకండి.